పాత రూపు, క్రొత్త యంత్రము: మన గ్రామములకు ఏ మోటారు సైకిలు తగును?

మహబూబాబాద్ జిల్లాలో మిరప కోతలు ముగిసి, రైతులు ఏనుమాముల, ఖమ్మము మార్కెటులలో సరకు అమ్ముకొని ఇండ్లకు చేరు దినములలో ప్రతి గ్రామమునందును ఒక చర్చ బయలుదేరును. చదువుకొన్న కుమారుడు మోటారు సైకిలు కావలెననును. అదియు మామూలు బండి కాదు. గుండ్రని దీపము, ఉబ్బెత్తు పెట్రోలు తొట్టి, పొడవైన పొగగొట్టము గల ‘బుల్లెట్టు రకము’ బండియే కావలెననును. తండ్రి ధర విని నివ్వెరపోవును. తుదకు ఇరువురును పంచాయతీ సభ్యుని అరుగు మీదికి వచ్చి, “అన్నా, నీవే ఒక మాట చెప్పు” అందురు. అట్టి సందర్భమున చెప్పదగిన మాటకు ఆధారమైన వివరములను ఇచట పొందుపరచుచున్నాము.

ఈ బండ్లను విక్రయదారులు ‘రెట్రో’ రకమని పేర్కొనుచున్నారు. అనగా రూపు 1950, 1960 సంవత్సరముల నాటిది, యంత్రము నేటిది. ఆ తరగతిలో తొలిమెట్టు ధరలకు లభించు బండ్లను మాత్రమే మేము తీసికొనుచున్నాము. ముందుగానే ఒక మాట చెప్పుట మంచిది. ఇంటికంతటికిని ఒకటే బండి యుండి, పొలమునకు ఎరువు బస్తా, సంతకు కూరగాయల గంప, బడికి పిల్లవాడు దానిమీదనే పోవలసి యున్నచో, ఈ తరగతిలోని బండి ఏదియు తగదని మా అభిప్రాయము. అట్టి యింటికి 100 లేక 125 సి.సి. సాధారణపు బండి గాని, ఇప్పటికే అనేక గ్రామములలో బస్తాలు మోయుచున్న ఎక్సెల్ మోపెడ్ గాని చాలును. రెండవ బండిగా కొనువారికిని, వరంగల్లు, ఖమ్మము పనులపై తరచుగా తిరుగువారికిని మిగిలిన విషయము పనికివచ్చును.

ఈ రూపు మన దేశమున ఎట్లు స్థిరపడినదో కొంత తెలిసికొనవలెను. ఏలయన నేడు షోరూములలో అమ్ముడుపోవుచున్నదానిలో సగము పాత జ్ఞాపకమే. ఇంగ్లండులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టును భారత సైన్యము 1950 దశకమున సరిహద్దు గస్తీకి ఎన్నుకొన్నది. 1955లో మద్రాసు మోటార్సు వారితో కలసి ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది. మద్రాసు ప్రక్కనున్న తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. 1970లో ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడినను మద్రాసు బండి ఆగలేదు. 1994లో ఆ సంస్థ ఐషర్ వారి చేతికి వచ్చినది. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుండి చెకొస్లొవేకియా నమూనాపై జావా బండ్లను, తరువాత యెజ్డీ పేరుతో అదే వంశపు బండ్లను తయారుచేసి 1996లో మూతపడినది. పోలండు నమూనాపై వచ్చిన రాజదూత్ పాల క్యానులు మోసి పల్లెలలో పేరు తెచ్చుకొన్నది. బుల్లెట్టు మాత్రము పోలీసు అధికారి, ఊరి పెద్ద ఎక్కెడి బండిగా నిలిచినది. ఆ గౌరవమే నేటి యువకుని కంటికి కనబడుచున్నది.

అయితే నాటి బుల్లెట్టునకును నేటి బుల్లెట్టునకును రూపు తప్ప పోలిక తక్కువ. పాత బండికి గేరు కుడికాలి వైపున, బ్రేకు ఎడమకాలి వైపున ఉండెడివి. పెట్రోలును గాలితో కలుపుటకు కార్బురేటరు ఉండెడిది. ఊరి మెకానికు రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరుతో చెట్టుక్రింద దానిని విప్పి బిగింపగలిగెడివాడు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన తరువాత ఈ తరగతి క్రొత్త బండ్లన్నిటిలోను పెట్రోలును కొలిచి చిమ్ము యంత్రము, దానిని నడుపు విద్యుత్ పెట్టె వచ్చినవి. ఉదయమున వెంటనే స్టార్టగుట, పొగ తగ్గుట దీనివలన కలిగిన లాభములు. కాని ఆ విద్యుత్ పెట్టెలో దోషము పుట్టినచో కంపెనీ కర్మశాలలోని పరికరము తగిలించి చూడవలసినదే. బండి పాతదివలె కనబడుచున్నది గనుక పాతదానివలె ఊరిలోనే బాగగునని కొందరు భ్రమపడుచున్నారు. కొనువారికి ఈ సంగతి మొదట చెప్పవలెను.

ఇక బండ్ల విషయము. రాయల్ ఎన్‌ఫీల్డు వారి మూడు బండ్లు ఈ తరగతిలోనివి. 2021 సెప్టెంబరులో క్లాసిక్ 350 క్రొత్త రూపున 1 లక్షా 84 వేల రూపాయల ప్రారంభ ధరతో విడుదలైనది. 2022 ఆగస్టులో హంటర్ 350 సుమారు లక్షన్నరకు, 2023 సెప్టెంబరులో క్రొత్త బుల్లెట్టు 350 సుమారు 1 లక్షా 74 వేలకు వచ్చినవి. మూడింటిలోను ఉన్నది ఒకే యంత్రము: 349 సి.సి., సుమారు 20 అశ్వశక్తి, అయిదు గేర్లు. హోండా వారు 2020 సెప్టెంబరులో హైనెస్ సి.బి. 350ను 1 లక్షా 85 వేలకు తెచ్చిరి. దాని యంత్రము 348 సి.సి., సుమారు 21 అశ్వశక్తి. మహీంద్రా వారి అండతో ఏర్పడిన క్లాసిక్ లెజెండ్స్ సంస్థ మైసూరులో ఆగిన జావా పేరును 2018 నవంబరులో మరల నిలిపినది. దాని జావా 42 అను బండి అప్పుడు 1 లక్షా 55 వేలకు వచ్చినది. ఇది మధ్యప్రదేశములోని పీథంపూరులో తయారగుచున్నది. యంత్రము 294 సి.సి., సుమారు 27 అశ్వశక్తి, ఆరు గేర్లు. టి.వి.ఎస్. వారి రోనిన్ 2022 జూలైలో 1 లక్షా 49 వేలకు విడుదలైనది. 226 సి.సి. గల చిన్న యంత్రమైనను 20 అశ్వశక్తి ఇచ్చును. ఇవన్నియు విడుదలనాటి దుకాణపు ధరలు. తరువాత పెరిగినవి, పన్ను మారినపుడు తగ్గినవి కూడ. నేటి ధరను షోరూములోనే వ్రాతపూర్వకముగా తీసికొనవలెను.

27 అశ్వశక్తి గల బండి 20 అశ్వశక్తి గల బండికంటె మెరుగు గదా యని యువకుడు వాదించును. ఇచటనే కొంత వివరణ అవసరము. సిలిండరులో ముషలకము పైకిని క్రిందికిని కదలు దూరము ఎక్కువై, సిలిండరు వెడల్పు తక్కువైనచో, యంత్రము నెమ్మదిగా తిరుగుచున్నపుడే గట్టిగా లాగును. పాత బుల్లెట్టులో వెడల్పు 70 మిల్లీమీటర్లు, కదలిక 90. నేటి రాయల్ ఎన్‌ఫీల్డులో 72, 85.8. హోండాలో 70, 90.5, అనగా పాత బుల్లెట్టు కొలతలకు నేడు అన్నిటికంటె దగ్గరగా ఉన్నది హోండా వారి బండి! రోనినులో రెండును 66. జావాలో వెడల్పు 76, కదలిక 65 మాత్రమే.

దీని ఫలితమేమనగా, హోండా తన పూర్తి లాగుడు బలమును నిమిషమునకు 3,000 చుట్ల వద్దనే ఇచ్చును. రాయల్ ఎన్‌ఫీల్డు 4,000 వద్ద ఇచ్చును. రోనిను అంతకంటె కొంచెము ముందే ఇచ్చును గాని, ఆ బలము పరిమాణము తక్కువ: పెద్ద బండ్లు 27 నుండి 30 న్యూటన్ మీటర్లు ఇచ్చుచుండగా ఇది 20కి లోపున ఇచ్చును. జావా మాత్రము యంత్రమును బాగుగా తిప్పినపుడే తన సత్తా చూపును. నాగలికి కట్టిన ఎద్దు, పందెములో పరుగెత్తు గుఱ్ఱము రెండును బలము గలవే; కాని గూడూరు నుండి కొత్తగూడ వైపు అడవి దారిలో, గుంతలు తప్పించుకొనుచు రెండవ గేరులో పోవునపుడు ఎద్దు బలమే అక్కరకు వచ్చును. జావాలోని అధికమైన అశ్వశక్తి తొఱ్ఱూరు, మరిపెడ మీదుగా ఖమ్మము పోవు జాతీయ రహదారిపై తెలియును గాని ఊరి సందులలో తెలియదు. పైగా జావా యంత్రమును నీటితో చల్లబరచు రేడియేటరు ముందుభాగమున ఉన్నది. వరికోతల కాలపు పొట్టు, బురద అందులో చేరకుండ కడుగుచుండవలెను. గాలితోను నూనెతోను చల్లబడు తక్కిన బండ్లకు ఆ పని లేదు.

మా దృష్టిలో అశ్వశక్తికంటె ముందు చూడవలసినది బరువు. క్లాసిక్, బుల్లెట్టు 195 కిలోల చొప్పున తూగును. జావా 184. హంటర్, హైనెస్ 181. రోనిను 160. క్లాసిక్‌కును రోనిన్‌కును నడుమ 35 కిలోల తేడా. బస్తా సిమెంటులో మూడు పాళ్ళకు దగ్గర. తారురోడ్డుపై పరుగిడునపుడు ఈ బరువు మేలే. ఎదురుగా లారీ వేగముగా దాటిపోయినను బండి ఊగదు. కాని వానకాలమున నల్లరేగడి బురదలో బండి ఒరిగినపుడు, వాకిటి వాలులో వెనుకకు నెట్టవలసినపుడు ఆ బరువెంతయో తెలియును. కొనువాడు షోరూములో బండిపై కూర్చుండి అద్దము చూచుకొనుట చాలదు. స్టాండు తీసి, దిగి, చేతులతో ఇరువది గజములు వెనుకకు నెట్టి చూడవలెను. కూర్చున్నపుడు రెండు పాదముల మడమలు నేలకు ఆనవలెను. ఈ బండ్ల కూర్చుండు ఎత్తు సుమారు 790 నుండి 805 మిల్లీమీటర్ల వరకు నున్నది. తేడా కొద్దిదే యైనను పొట్టివారికి అది లెక్కలోనిదే.

నేలకును యంత్రమునకును నడుమనుండు ఎడము రోనినులో 181 మిల్లీమీటర్లు, క్లాసిక్‌లో 170. హంటరులో మొదట 150 వరకే యుండెను. 2025 మార్పులలో 160 చేసిరి. సి.సి. రోడ్లపై వేసిన ఎత్తైన వేగనిరోధకములు గల గ్రామములలో ఈ అంకె చూడవలెను. ఇచట ఒక హెచ్చరిక కూడ చేయవలసి యున్నది. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుంభవృష్టికి మన జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె మధ్య రైలుకట్టయే కొట్టుకొనిపోయినది. వాగుపై నీరు పారుచున్నపుడు బరువైన బండి గనుక కొట్టుకొనిపోదని తలచుట పొరపాటు. ప్రవాహము ముందర 195 కిలోలు లెక్కలోనివి కావు. నీట మునిగిన బండిని స్టార్టు చేయరాదు. గాలిగొట్టము గుండ సిలిండరులో నీరు చేరియున్నచో యంత్రము లోపలి కడ్డీ వంగిపోవును. దానిని నెట్టుకొని పోయి మెకానికునకు అప్పగించుటయే మార్గము.

ఖర్చుల లెక్క మిక్కిలి ముఖ్యమైనది. ఈ యంత్రములలో పలువురు తయారీదారులు 348, 349 సి.సి. వద్దనే ఆగుటకు కారణము పన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల ద్విచక్ర వాహనములపై వస్తు సేవల పన్ను 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. అది దాటిన వానిపై 40 శాతమైనది. కావున 398 సి.సి. గల బండి చూపించి “కొంచెమే తేడా” అని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. దుకాణపు ధరపై రాష్ట్ర ప్రభుత్వపు జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, భీమా చేరును. క్రొత్త బండికి అయిదేండ్ల మూడవపక్షపు భీమా ఒకేసారి కట్టవలెనను నియమము 2018 సెప్టెంబరు నుండి ఉన్నది. 2022 జూన్ 1న వచ్చిన పట్టిక ప్రకారము ఆ మొత్తము 75 నుండి 150 సి.సి. బండికి 3,851 రూపాయలు. 150 నుండి 350 వరకు 7,365. 350 దాటినచో 15,117. ఇది పన్ను కలుపక ముందు మాట.

పెట్రోలు లెక్క చూడుడు. 350 సి.సి. బండి మన రోడ్లపై లీటరుకు 30 నుండి 35 కిలోమీటర్లు ఇచ్చును. 100 సి.సి. సాధారణపు బండి 60 ఇచ్చును. నెలకు 750 కిలోమీటర్లు తిరుగు మనిషికి మొదటిదానితో 23 లీటర్లు, రెండవదానితో 12న్నర లీటర్లు పట్టును. లీటరు నూరు రూపాయలుగానే లెక్కించినను నెలకు వేయి రూపాయలకు పైగా, ఏడాదికి 12,000 నుండి 13,000 రూపాయలు అదనము. రెండెకరముల కౌలు రైతునకు ఇది చిన్న మొత్తము కాదు.

అప్పు తీసికొనువారు వడ్డీ ఎట్లు లెక్కింపబడునో అడిగి తీరవలెను. లక్షా ఇరువది వేల అప్పు, మూడేండ్ల గడువు, వడ్డీ 12 శాతము అనుకొందము. తగ్గుచున్న బాకీపై వడ్డీ లెక్కించినచో నెలకు సుమారు 3,986 రూపాయలు. మొత్తము వడ్డీ సుమారు 23,500. అదే 12 శాతమును ‘ఫ్లాట్’ పద్ధతిలో, అనగా తీర్చిన అసలుపై కూడ వడ్డీ వేయుచు లెక్కించినచో నెలకు 4,533. మొత్తము వడ్డీ 43,200. పేరు పన్నెండు శాతమే; అసలున అది సుమారు 21 శాతపు వడ్డీ. మిరప ధర పడిపోయిన యేట ఈ కిస్తులు ఆగి, బండిని వాకిటనుండి లాగుకొనిపోవు ఘట్టములు గ్రామములలో జరుగుచున్నవి. ‘ఫ్లాట్’ అను మాట వినబడినచో సంతకము చేయక, బ్యాంకునకు పోయి అడుగుడని సభ్యులు చెప్పవలెను. మరియు మన ఆదాయము పంటకొకసారి వచ్చునది. కిస్తు నెలకొకసారి వచ్చునది. సగము ధరకు మించి అప్పు లేకుండ చూచుకొనుట క్షేమము.

భద్రత విషయమున: 125 సి.సి. దాటిన బండ్లన్నిటికిని చక్రము బిగిసిపోకుండ ఆపు ఏ.బి.ఎస్. బ్రేకు 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి. కాని చౌకరకములలో కొన్నిటికి ఇది ముందు చక్రమునకే ఉండును. కొంత ఎక్కువ పెట్టి రెండు చక్రములకును ఉన్న రకము కొనుట మంచిదని మా సలహా. రంగుకొరకు పెట్టు డబ్బు దీనికి పెట్టవచ్చును. ఊచల చక్రము అందమైనదే గాని సాధారణముగా అందులో ట్యూబు ఉండును, ముల్లు దిగినచో గాలి ఒక్కసారిగా పోవును. పోత చక్రమునకు ట్యూబు లేదు; గాలి మెల్లగా పోవును గనుక ఊరు చేరుకొనుటకు వ్యవధి యుండును. వెనుక కూర్చుండువారికి చేపట్టు, కాలిపీట, చీర చక్రములో పడకుండు అడ్డు ఉండవలెనని నిబంధన కలదు. అందము చెడునని కుఱ్ఱవాండ్రు ఆ అడ్డును విప్పివేయుచున్నారు. అదే బండిపై తల్లియో అక్కయో కూర్చుండునని వారికి గుర్తుచేయవలెను.

ఏ బండి కొన్నను, దానిని బాగుచేయు కంపెనీ కర్మశాల ఎచట నున్నదో ముందు తెలిసికొనవలెను. మానుకోటలో లేనిచో వరంగల్లుకు సుమారు 60 కిలోమీటర్లు. పోయివచ్చుటకు దినము పట్టును. హోండా వారి ఈ 350 బండ్లు ‘బిగ్ వింగ్’ అను ప్రత్యేక విక్రయశాలలలో అమ్ముడుపోవుచున్నవి. పట్టణములోని సాధారణ హోండా దుకాణము చూచి ధైర్యపడరాదు. జావా కొనువారు విడిభాగములు ఎన్ని దినములలో వచ్చునో ముందే గట్టిగా అడుగవలెను. రాయల్ ఎన్‌ఫీల్డు తెలిసిన మెకానికులు చిన్న పట్టణములలోను దొరకుదురు. తిరిగి అమ్మినపుడు కూడ ఆ బండ్లకు గిరాకి యున్నది.

ఇవన్నియు కలిపి చూడగా మాకు తోచినది ఇది. అడవి మండలముల వారికి, సన్నని మనుష్యులకు, స్త్రీలకు రోనిను తగును; బరువు తక్కువ, నేల ఎడము ఎక్కువ. పట్టణములలో ఎక్కువ తిరుగు యువకునికి హంటర్ చాలును, క్లాసిక్‌లోని యంత్రమే తక్కువ ధరకు వచ్చుచున్నది. వారమునకు మూడు నాలుగు మారులు రహదారిపై దూరము పోవు నడివయస్సు వారికి క్లాసిక్ గాని బుల్లెట్టు గాని హాయిగా నుండును. కర్మశాల దగ్గరలో నున్నచో హోండా వీటన్నిటికంటె నునుపుగా నడచునని మేము ఒప్పుకొందుము. జావా వేగము కోరువారిది. మన గ్రామములకు దానిని మేము ముందు వరుసలో చేర్చలేము.

పంచాయతీ సభ్యుల దృష్టికి రాదగిన విషయములు మరికొన్ని కలవు. వివాహములందు “పిల్లవానికి బుల్లెట్టు” అని అడుగుట కొన్ని యిండ్లలో వాడుకయైనది. 1961 వరకట్న నిషేధ చట్టము ప్రకారము నగదువలెనే బండియు కట్నమే; ఇచ్చుట, పుచ్చుకొనుట రెండును నేరములు. రెండు లక్షల బండికి ఆడపిల్ల తండ్రి ఎకరము తాకట్టు పెట్టుచున్నపుడు ఊరి పెద్దలు చూచి ఊరకుండరాదు. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు గేరు బండి నడిపినచో 2019 సవరణ ప్రకారము తండ్రికి గాని, బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలు, పండ్రెండు నెలలు రిజిస్ట్రేషను రద్దు గలవు. ఇక కంపెనీ పొగగొట్టము తీసివేసి పెద్ద చప్పుడు చేయు గొట్టము బిగించుట నేరమే. బడి ప్రక్కను, రోగులున్న ఇంటి ప్రక్కను ఆ మోత ఎట్లుండునో వేరుగ చెప్ప నవసరము లేదు. గ్రామసభలో ఒకసారి ఈ మాట పెట్టి, కుఱ్ఱవాండ్రచేతనే పాత గొట్టములు తిరిగి బిగింపించినచో పోలీసు వారి దాక పోవలసిన పని యుండదు.

క్రొత్తది కొనలేక పాత బుల్లెట్టు కొనువారును గలరు. వారు యంత్రము మీది అంకె, చట్రము మీది అంకె రిజిస్ట్రేషను పత్రముతో సరిపోల్చవలెను. గీకి మరల కొట్టిన గుర్తులున్నచో బండి విడిచి రావలెను. పత్రములో అప్పిచ్చిన సంస్థ పేరున్నచో బాకీ తీరినట్లు ఆ సంస్థ లేఖయు, 35వ నమూనాయు తీసికొనవలెను. 29, 30 నమూనాలపై అమ్మువాని సంతకము ఆ దినముననే పుచ్చుకొని రవాణా కార్యాలయములో పేరు మార్పించుకొనవలెను. అమ్మువాడును ఉపేక్షింపరాదు, పేరు మారనంత వరకు ఆ బండి చేసిన ప్రమాదమునకు కోర్టు నోటీసు అతని యింటికే వచ్చును.